పిల్లల ఫొటోషూట్‌కు స్టూడియోను ఎంచుకోవడం: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచుకునే మన ఇళ్ళలో ఇప్పుడు అలాంటి ప్రతి ముచ్చటకూ ఒక ఫొటోషూట్ తోడవుతోంది. బారసాల, అన్నప్రాశన, పుట్టువెంట్రుకలు, మొదటి పుట్టినరోజు, అక్షరాభ్యాసం అంటూ ఐదేళ్ళలోపే ఒక బిడ్డ ఐదారుసార్లు కెమెరా ముందుకు వస్తున్నది. స్టూడియోలు కూడా అంతే వేగంగా పెరిగాయి. వాటిలో ఏది మంచిదో ఫొటోల కోసం వేసిన అలంకరణ సెట్టింగులను చూసో, కెమెరా ధరను విని నమ్మో తేల్చుకోలేము. బిడ్డ కోసం ఓపికగా ఆగే మనిషి అక్కడ ఉన్నారా లేదా అన్నదే అసలు విషయమని నా అనుభవం. కింది జవాబులన్నీ ఆ దృష్టితోనే రాశాను.

స్టూడియోను చూడడానికి వెళ్ళినప్పుడు అన్నిటికంటే ముందు ఏమి అడగాలి?

ఒకే బిడ్డకు ఒకే రోజు తీసిన ఫొటోలన్నిటినీ వరుసగా చూపించమని అడగండి. కౌంటర్ మీద ఉండే ఆల్బమ్‌లోనూ, ఇన్‌స్టాగ్రామ్ పేజీలోనూ కనిపించేవి ఎన్నో ఏళ్ళ పనిలోంచి ఏరి పెట్టిన ఫొటోలు. ఎవరైనా వంద మంది పిల్లలను తీస్తే వాటిలో ఇరవై ఫొటోలు బాగానే వస్తాయి. మనకు తెలియవలసింది ఆ మిగతా సమయమంతా బిడ్డ ఎలా ఉన్నదన్నది. వరుసగా చూస్తే అది దాగదు. మూడో డ్రెస్సుకు వచ్చేసరికి కళ్ళు ఉబ్బి ఉన్నాయా, చెంపల మీద కన్నీటి చార తుడిచిన ఎరుపు ఉందా, అరికాళ్ళు చలికి కందాయా, ఒకే నవ్వును నాలుగు బ్యాక్‌గ్రౌండ్లకు అతికించారా అన్నవి ఐదు నిమిషాల్లో బయటపడతాయి.

కొన్ని స్టూడియోలు ఇతరుల పిల్లల ఫొటోలను పూర్తిగా చూపించడానికి ఒప్పుకోవు. అందుకు నొచ్చుకోకండి, రేపు మీ బిడ్డ ఫొటోల విషయంలోనూ వారు అంతే జాగ్రత్తగా ఉంటారు. చూపించడానికి ఆ కుటుంబం అనుమతి ఇచ్చిన షూట్ ఒక్కటైనా ఉంటే చాలునని చెప్పండి.

రెండో ప్రశ్న, ఫొటోలు తీసేది ఎవరు? మాట్లాడేది యజమాని, తీసేది ఆ నెలలో చేరిన కుర్రవాడు అయ్యే అవకాశం ఉంది. మీరు చూసిన ఫొటోలను తీసిన వ్యక్తే మీ షూట్‌కు వస్తారని రాతపూర్వకంగా, కనీసం వాట్సాప్ సందేశంలోనైనా, తీసుకోండి.

ఏ వయసులో తీయిస్తే బాగుంటుంది?

ముడుచుకుని నిద్రపోతున్న పసికందు ఫొటోలు కావాలంటే పుట్టిన ఐదో రోజు నుంచి రెండు వారాల్లోపు తీయడం ఆనవాయితీ. ఆ రోజుల్లో నిద్ర గాఢంగా ఉంటుంది, కాళ్ళూచేతులూ గర్భంలో ఉన్నట్టే ముడుచుకుంటాయి. నెలలు నిండకముందే పుట్టిన బిడ్డ విషయంలో ఈ లెక్క పెట్టుకోకుండా డాక్టరు మాట వినాలి. మూడు, నాలుగు నెలలకు మెడ నిలబడుతుంది కాబట్టి బోర్లా పడుకుని తల ఎత్తిన ఫొటోలు వస్తాయి. ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య చాలామంది పిల్లలు ఆసరా లేకుండా కూర్చుంటారు. నన్నడిగితే స్టూడియోకు ఇంతకంటే మంచి వయసు లేదు. కూర్చోవడం వచ్చింది, పారిపోవడం ఇంకా రాలేదు, ముఖం చూసి నవ్వడం బాగా వచ్చింది. మన అన్నప్రాశన కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే వస్తుంది.

ఇంకా కూర్చోలేని బిడ్డను దిండ్లు ఆనించి కూర్చోబెట్టి తీసేద్దామని స్టూడియోవారు అంటే వద్దని చెప్పండి. పదిహేను రోజులు ఆగితే ఆ పని బిడ్డే చేస్తుంది.

మా అత్తగారు మూడో నెల దాటేవరకు ఫొటోలు తీయించవద్దంటున్నారు. ఏమి చేయాలి?

ఆ మాటలో దిష్టి భయమే కాదు, పసిబిడ్డను పదిమందిలోకి తీసుకువెళ్ళకూడదన్న పాత జాగ్రత్త కూడా ఉంది. మన జాతీయ టీకాల పట్టిక ప్రకారం పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి ఇస్తారు. కోరింత దగ్గు నుంచి కాపాడే పెంటావాలెంట్ టీకా మొదటి డోసు ఆరు వారాలకు గాని రాదు. అంతకుముందు ఎందరో వచ్చి వెళ్ళే గదికి బిడ్డను తీసుకువెళ్ళాలా అన్నది నిజంగా ఆలోచించవలసిన విషయమే. మీకు తొలి రోజుల ఫొటోలు తప్పకుండా కావాలనిపిస్తే ఇంటికి వచ్చి తీసేవారిని పిలవండి. వచ్చేవారికి జలుబూ దగ్గూ లేవని ముందుగా కనుక్కోండి, చేతులు కడుక్కున్నాకే బిడ్డ దగ్గరకు రానివ్వండి. పడకగది కిటికీ పక్కన, ఉతికిన తెల్లటి పంచె మీద, అమ్మమ్మ చేతుల్లో ఉన్న బిడ్డ ఫొటో ఏ సెట్టింగుకూ తీసిపోదు. ఇంట్లోవారు దానికీ ఒప్పుకోకపోతే ఆరో నెల వరకు ఆగండి, పోయేదేమీ లేదు.

పసికందుల షూట్‌లో భద్రత గురించి ఏమేమి చూడాలి?

ఇక్కడ మొహమాటం పనికిరాదు. రెండు అరచేతుల్లో గడ్డం ఆనించి, మోచేతుల మీద తల నిలబెట్టుకున్నట్టు కనిపించే పసికందు ఫొటోను మీరు చూసే ఉంటారు. కప్ప కూర్చున్నట్టు ఉంటుంది. ఏ పసికందూ అలా తన తలను తాను నిలబెట్టుకోలేదు. పద్ధతి తెలిసినవారు తల పట్టుకుని ఒక ఫొటో, చేతులు పట్టుకుని మరో ఫొటో తీసి, పట్టుకున్న మనిషి చేతులు కనిపించకుండా రెండిటినీ కంప్యూటర్‌లో కలుపుతారు. కాబట్టి ఆ ఫొటోను చూపించి "దీన్ని ఎలా తీశారు?" అని అడగండి. రెండు ఫొటోలను కలిపామని వెంటనే చెప్పినవారికి పని తెలుసు. "ఒక్క క్షణం చేతులు వదిలేసి తీశాం" అన్నవారి దగ్గర బిడ్డను పెట్టకండి. ఉయ్యాల, చెట్టుకొమ్మ, వేలాడే చంద్రుడు, గాజు కూజా వంటి వాటికీ ఇదే వర్తిస్తుంది.

బుట్టలో పడుకోబెట్టేటప్పుడు అడుగున బరువు పెట్టారా లేదా చూడండి, లేకపోతే బిడ్డ కదలగానే బుట్ట ఒరుగుతుంది. బట్టలు తక్కువగా ఉండే ఫొటోలకు గది సుమారు 26 నుంచి 28 డిగ్రీల మధ్య వెచ్చగా ఉండాలి. పెద్దలకు కొద్దిగా చెమట పట్టే గది పసికందుకు హాయిగా ఉంటుంది. హీటరు వాడితే అది బిడ్డకు దూరంగా ఉండాలి, గాలి నేరుగా తగలకూడదు. కింద పరిచే బొచ్చు దుప్పట్లను ప్రతి బిడ్డ తరువాత ఉతుకుతారా అని అడగండి. అన్నిటికంటే ముఖ్యంగా, ఎప్పుడూ ఒక మనిషి చేయి చాచితే బిడ్డ అందేంత దగ్గరలో ఉండాలి. ఆ మనిషి ఫొటోగ్రాఫర్ కాకూడదు, ఎందుకంటే వారి కన్ను కెమెరాలో ఉంటుంది.

ఫ్లాష్ వల్ల బిడ్డ కళ్ళకు హాని కలుగుతుందా?

ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు మామూలు ఫ్లాష్ వల్ల చూపు దెబ్బతింటుందనడానికి ఆధారం లేదు. ఉలికిపాటు మాత్రం ఉంటుంది, ఉలిక్కిపడిన బిడ్డ తిరిగి నవ్వడానికి పావుగంట పడుతుంది. అందుకే మంచి స్టూడియోలు ఫ్లాష్‌ను పెద్ద సాఫ్ట్‌బాక్స్ (వెలుతురును మెత్తబరిచే తెల్లటి గుడ్డ తెర ఉన్న పెట్టె) గుండా వదులుతాయి, లేదా ఎల్‌ఈడీ దీపాలూ కిటికీ వెలుతురూ వాడతాయి. నెలలు నిండక పుట్టి, కంటి పరీక్షల్లో ఉన్న పిల్లల విషయంలో కంటి డాక్టరును అడిగిన తరువాతే వెళ్ళండి.

కెమెరాల గురించి తెలియని మేము పనితనాన్ని ఎలా అంచనా వేయగలం?

ఫొటోలో బిడ్డ కంటిపాపను దగ్గరగా చూడండి. వెలుతురు వచ్చిన కిటికీయో, సాఫ్ట్‌బాక్సో అక్కడ చిన్న తెల్లని మెరుపుగా కనిపిస్తుంది. ఆ మెరుపు కంటిపాప పైభాగంలో ఒక పక్కగా, మెత్తగా ఉంటే వెలుతురును ఆలోచించి పెట్టారని అర్థం. నట్టనడుమ సూదిమొనలా ఉంటే కెమెరా మీద ఫ్లాష్‌నే సూటిగా కొట్టారు. అసలు మెరుపే లేకపోతే కళ్ళలో జీవం కనిపించదు. ఒకసారి ఇది చూడడం అలవాటైతే ఏ ఆల్బమ్ అయినా తనంతట తానే మాట్లాడుతుంది.

తరువాత చర్మం రంగు చూడండి. ఈ విషయం నన్ను చాలాకాలంగా బాధిస్తున్నది. చామనఛాయ పిల్లలను ఎడిటింగ్‌లో తెల్లగా మార్చి, అది తాము చేసిన మేలన్నట్టు ఇచ్చే స్టూడియోలు మన ఊళ్ళలో తక్కువ లేవు. తల్లి చేయి ఒక రంగులో, ఆ చేతిలో ఉన్న బిడ్డ మరో రంగులో ఉన్న ఫొటోలు నేను చూశాను. పదేళ్ళ తరువాత ఆ బిడ్డ ఆ ఆల్బమ్ తెరిచి, తన అసలు రంగు అమ్మానాన్నలకు నచ్చలేదేమో అనుకోవడం న్యాయం కాదు. "రంగు మార్చవద్దు, పుట్టుమచ్చలు తీసేయవద్దు, దిష్టిచుక్కను చెరపవద్దు" అని ముందే రాసి ఇవ్వండి. చీమిడి, పాలచార, దోమకాటు వంటివి తుడిచేస్తే చాలు. దిష్టిచుక్కను బుగ్గ మీదో, అరికాలిలోనో పెట్టండి. కళ్ళకు కాటుక పెట్టవద్దని పిల్లల డాక్టర్లు చెబుతున్నారు, ఫొటో కోసమని ఆ మాటను దాటవద్దు.

ఐదు డ్రెస్సులు, ఐదు సెట్టింగుల ప్యాకేజీ తీసుకోవడం లాభమేనా?

కాదు. మా పెద్దమ్మాయికి పదో నెలలో మేము చేసిన పొరపాటు అదే. చందమామ ఉయ్యాల, వెన్నకుండ పట్టిన కృష్ణుడు, రైల్వే స్టేషను, రాజకుమారి అంటూ నాలుగు సెట్టింగులకు డబ్బు కట్టాము. రెండో డ్రెస్సు తలలోంచి తీసేటప్పుడు మొదలైన ఏడుపు మళ్ళీ ఆగలేదు. సహాయకుడు పళ్ళేలు వాయించాడు, గట్టిగా చప్పట్లు కొట్టాడు, దాంతో పాప ఇంకా బెదిరింది. "ఇంకొక్కటి మేడం, ఇంకొక్కటి" అంటూ వారు తీస్తూనే ఉన్నారు. ఆ రోజు తీసిన వందల ఫొటోల్లో మేము దాచుకున్నది ఒక్కటే. అందులో పాప కెమెరా వైపు చూడడం లేదు. నా చీరకొంగును పిడికిట గట్టిగా పట్టుకుని, ముక్కు దానికి ఆనించి నిలబడింది. కొంగు అంచు ఫ్రేములో ఒక మూల కనిపిస్తున్నదని స్టూడియోవారు దాన్ని తీసేయబోతే వద్దని అడిగి తెచ్చుకున్నాము.

ఏడాదిలోపు పిల్లలకు రెండు డ్రెస్సులు చాలు. వాటిలో ఒకటి ఇంట్లో రోజూ వేసుకునే మెత్తని నూలు గౌను లేదా జుబ్బా అయితే మరీ మంచిది. కొత్త పట్టుపరికిణీ జరీ అంచు గుచ్చుకుంటుంది కాబట్టి, లోపల నూలు లైనింగ్ వేయించండి, షూట్‌కు ముందు ఇంట్లో ఒకసారి పది నిమిషాలు తొడిగి చూడండి.

స్టూడియోవారి వేషాలు, వస్తువులు వాడవచ్చా?

కృష్ణాష్టమికి ముందు రోజుల్లో ఒకే కిరీటం ఎందరో పిల్లల తలల మీదికి ఎక్కుతుంది. తల మీద మాడు ఇంకా మెత్తగా ఉన్న పిల్లలకు బరువైన కిరీటాలు, బిగుతు పట్టీలు పెట్టవద్దు. నెమలిపింఛం, నూలు ధోవతి, ఒక పిల్లనగ్రోవి మీరే తీసుకువెళ్ళండి. ముత్యాల దండలు, పూసలు, గులకరాళ్ళు, పగిలిన బెలూన్ ముక్కలు నోట్లో పెట్టుకుంటే ఊపిరి ఆడకుండా పోయే ప్రమాదం ఉంది. గ్లిట్టర్, పొగ యంత్రం పసిపిల్లల గదిలో ఉండకూడదు.

కేకును చేత్తో చిదిమే ఫొటోల గురించి కూడా ఒక మాట. రెండేళ్ళలోపు పిల్లలకు చక్కెర వద్దన్నది పిల్లల వైద్యుల సలహా. గుడ్డు, పాలు, పల్లీలు పడని పిల్లలు ఉంటారు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించడం ప్రమాదకరం. కేకు బదులు మెత్తటి అరటిపండు, పుచ్చకాయ, పెరుగన్నం పెట్టినా బిడ్డ అంతే ఉత్సాహంగా చిదుముతుంది, ఫొటో కూడా అంతే బాగుంటుంది.

షూట్‌కు ఏ సమయం అడగాలి?

స్టూడియోకు ఖాళీ ఉన్న సమయం కాదు, మీ బిడ్డ నిద్రలేచి, పాలు తాగి, హుషారుగా ఉండే సమయం అడగండి. చాలామంది పిల్లలకు అది ఉదయం తొమ్మిది, పదకొండు మధ్య వస్తుంది. మీ షూట్‌కు ముందూ వెనుకా కనీసం అరగంట ఖాళీ ఉంచుతారా అని అడగండి. బయట మరో కుటుంబం ఎదురుచూస్తుంటే ఎంతటి ఓపికమంతులకైనా తొందర పుడుతుంది. మొదటి పావుగంట కెమెరా బయటకు తీయకుండా, నేల మీద కూర్చుని బిడ్డతో ఆడేవారు దొరికితే వారిని వదులుకోవద్దు.

తల్లి పాలివ్వడానికి చోటు ఉంటుందా?

దీన్ని అడగడానికి చాలామంది సిగ్గుపడతారు, అడగాలి. 1892లోనే ప్రసిద్ధ ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ హైదరాబాద్‌లో పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో నెలకొల్పారు. అక్కడ ఫొటోలు తీసే బాధ్యతను కూడా ఒక మహిళకే అప్పగించారు. అదే నేల మీద ఇవాళ ఒక తలుపు, ఒక గడియ, ఒక కుర్చీ ఉన్న చిన్న గదిని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. బట్టలు మార్చే గదిలో సీసీ కెమెరా లేదని కళ్ళారా చూసుకోండి.

ధర విషయంలో దేన్ని దేనితో పోల్చాలి?

మొత్తం అంకెను కాదు, దానిలో ఏమేమి ఉన్నాయో పోల్చండి. ఎన్ని ఫొటోలు ఎడిట్ చేసి ఇస్తారు, ఎంపిక మీదా వారిదా, అదనపు ఫొటోకు ఎంత, ఆల్బమ్‌లో ఎన్ని షీట్లు, బట్టల అద్దె వేరా, ఎన్ని రోజుల్లో ఇస్తారు అన్నవి రాయించుకోండి. తక్కువ ధర చెప్పి, షూట్ అయ్యాక ఒక్కో ఫొటోకు వసూలు చేసే పద్ధతిలో చివరికి ఎక్కువ అవుతుంది, ఎందుకంటే బిడ్డ ఫొటో ఎదురుగా కనిపిస్తుంటే ఏ తల్లీ వద్దనలేదు.

ఫొటోగ్రఫీ సేవల మీద జీఎస్టీ 18 శాతం. పదివేల రూపాయల ప్యాకేజీ పన్ను వేరుగా ఉంటే 11,800 అవుతుంది కాబట్టి, చెప్పిన ధర పన్నుతో కలిపా, విడిగానా అని ముందే అడగండి. జీఎస్టీ నమోదు లేని చిన్న స్టూడియో పన్ను పేరుతో డబ్బు తీసుకోకూడదు. బిల్లు మీద నంబరు చూడండి.

ఫొటోలను ఏ రూపంలో తీసుకోవాలి?

పూర్తి సైజు ఫైళ్ళు తీసుకోవాలి. మంచి ప్రింటుకు అంగుళానికి 300 పిక్సెళ్ళు లెక్క, అంటే గోడకు పెట్టే 12×18 అంగుళాల ఫొటోకు 3600×5400 పిక్సెళ్ళు కావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, ప్రింటు తీస్తే ముఖం మసకబారుతుంది. పెన్‌డ్రైవ్‌లోనో, డౌన్‌లోడ్ లింకులోనో అడగండి. ఎడిట్ చేయని రా ఫైళ్ళను చాలామంది ఇవ్వరు, అది తప్పేమీ కాదు. స్టూడియోవారు ఫైళ్ళను ఎన్ని నెలలు ఉంచి తీసేస్తారో కనుక్కుని, ఆలోపే రెండు చోట్ల దాచుకోండి. ఆల్బమ్ విషయంలో ఖాళీ వదిలిన పేజీలే కంటికి హాయి. ఒక్కో షీట్‌లో పది ఫొటోలు, పూలు, రెక్కలు, ఇంగ్లిష్ కవితలు నింపే డిజైన్ వద్దని చెప్పండి.

మా బిడ్డ ఫొటోలను వారు ప్రకటనలకు వాడుకోవచ్చా?

మీ అనుమతి లేకుండా వాడకూడదు. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, డబ్బు చెల్లించి ఎవరు తీయిస్తే వారే ఆ ఫొటోల కాపీరైట్‌కు తొలి యజమానులు, వేరే ఒప్పందం లేనంతవరకు. చిక్కంతా ఈ చివరి మాటలోనే ఉంది. బుకింగ్ ఫారం వెనుక చిన్న అక్షరాల్లో హక్కులన్నీ స్టూడియోవని రాసి ఉంటే, మీ సంతకంతో అది వేరే ఒప్పందం అవుతుంది. చదివి, అక్కర్లేని వాక్యాన్ని కొట్టివేసి, పక్కన ఇద్దరూ సంతకం పెట్టండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా పద్దెనిమిదేళ్ళలోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. పేజీలో పెట్టుకోనిస్తే తగ్గింపు ఇస్తామంటే ఇష్టమైతే ఒప్పుకోండి, కానీ స్నానం ఫొటోలు, ఒంటిమీద బట్టలేని ఫొటోలు, పేరు, ఊరు, పుట్టిన తేదీ మాత్రం బయట పెట్టనివ్వకండి.

మా బాబుకు ఆటిజం ఉంది. స్టూడియోకు తీసుకువెళ్ళవచ్చా?

తప్పకుండా వెళ్ళవచ్చు. షూట్‌కు ముందు రోజు ఒకసారి ఊరికే తీసుకువెళ్ళి గది చూపించండి. శబ్దాలు, ఫ్లాష్, కొత్తవారు ముట్టుకోవడం వీటిలో ఏది పడదో ముందే చెప్పండి. తనకు ఇష్టమైన బొమ్మతో ఆడుకుంటుంటే దూరం నుంచి పొడవాటి లెన్స్‌తో తీయమనండి. కెమెరా వైపు చూడాలన్న నియమం పెట్టుకోవద్దు.

అడ్వాన్స్ కట్టాక బిడ్డకు జ్వరం వస్తే?

తేదీ మార్చుకునే వీలును అడ్వాన్స్ కట్టకముందే రాయించుకోండి. పిల్లలతో పనిచేసే స్టూడియో కనీసం ఒకసారైనా ఉచితంగా తేదీ మార్చాలి, ఇది వారికి కొత్త సంగతి కాదు. టీకా వేయించిన మరునాడు, పళ్ళు వస్తూ విరేచనాలు అవుతున్న వారంలో, వెళ్ళకుండా ఉండడమే మేలు. స్టూడియోకు చేరాక కూడా బిడ్డ అరగంట దాటి ఏడుస్తుంటే ఆపేసి ఇంకోరోజు వస్తామని చెప్పే హక్కు మీకుందని ముందే మాట్లాడుకోండి. మాట ప్రకారం ఫొటోలు ఇవ్వకపోయినా, అడ్వాన్స్ తిరిగి ఇవ్వకపోయినా జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరులో ఫిర్యాదు చేయవచ్చు, తరువాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. అప్పుడు మీ చేతిలో రసీదు, వాట్సాప్ సందేశాలు ఉండాలి, కాబట్టి నగదు ఇచ్చినా రసీదు రాయించుకున్నాకే ఇంటికి రండి.